పాత అక్వేరియం, హైదరాబాద్ నీళ్లు

ఇల్లు మారేవాళ్లు, బదిలీ మీద ఊరు విడిచేవాళ్లు మొట్టమొదట వదిలించుకునే సామాన్లలో అక్వేరియం ఒకటి. అందుకే ఓఎల్ఎక్స్‌లోనూ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనూ రెండడుగుల ట్యాంకు, స్టాండు, ఫిల్టరు, లైటు, రంగురాళ్లు అన్నీ కలిపి చవగ్గా దొరుకుతాయి. బేరం మంచిదే. కాకపోతే అందులో డబ్బు పెట్టదగ్గవి రెండే: బీటలు లేని గాజు, పట్టు వదలని సిలికాన్. మిగతావి పనికొస్తే లాభం, రాకపోతే పారెయ్యడానికి సిద్ధపడే కొనాలి. పాత ట్యాంకు అనగానే అందరూ లీకు గురించే భయపడతారు. లీకు కంటికి కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు. చేపలు చచ్చిపోయేది ఎక్కువగా నింపిన తర్వాతి మొదటి నెలలో. కంటికి కనపడని అమోనియా ఒక కారణం, ఇంటి కుళాయిలో వస్తున్నవి ఏ నీళ్లో తెలియకపోవడం ఇంకో కారణం.

చూడ్డానికి వెళ్లేటప్పుడు కొలత టేపు తీసుకెళ్లండి, టార్చికి ఫోను చాలు. 24 × 12 × 15 అంగుళాల ట్యాంకుకు గాజు కనీసం 5 మి.మీ. మందం ఉండాలి, 6 అయితే నిశ్చింత. మూడడుగుల పొడవు, 18 అంగుళాల ఎత్తు ఉన్నదానికి 8 మి.మీ. కావాలి. పై అంచున అడ్డంగా అతికించిన గాజు పట్టీలు ఊడిపోయి ఉంటే పెద్ద ట్యాంకు ముందు గాజు నీళ్ల బరువుకు బయటికి ఉబ్బుతుంది. వాటిని తిరిగి అతికించే దాకా నింపకూడదు. పై అంచుల్లో చిన్న పెచ్చు లేస్తే పర్వాలేదు. అడుగు గాజుకు బీట ఉంటే ఎంత చిన్నదైనా వదిలేసి వచ్చెయ్యండి.

సిలికాన్ రెండు చోట్ల ఉంటుంది. గాజుకూ గాజుకూ మధ్య పల్చగా ఉండేది అసలు అతుకు, బరువు మోసేది అదే. లోపలి మూలల్లో పూసిన పట్టీ దానికి కాపలా. పట్టీ అంచును గోరుతో లేపి చూడండి. లేస్తే మళ్లీ పూసుకోవచ్చు, అది ఒక రోజు పని. అతుకు మీద బయటినుంచి టార్చి వేసినప్పుడు వెండి రంగులో మెరిసే మచ్చలు కనిపిస్తే అక్కడ సిలికాన్ గాజును వదిలేసిందని అర్థం. అక్కడక్కడా గాలిబుడగ ఉంటే భయం లేదు. మచ్చ అతుకు ఈ చివర నుంచి ఆ చివరకు పాకితే ట్యాంకు మొత్తం విప్పి కట్టాల్సిందే. రెండడుగుల దానికి ఆ శ్రమ దండగ.

అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న తప్పక అడగండి: ఇందులో చేపలకు ఏ మందులు వేశారు? రాగి ఉన్న మందు వేసి ఉంటే రాళ్లలో, సున్నపు పొరలో ఆ రాగి మిగిలి ఉండొచ్చు. చేపలు తట్టుకున్నా రొయ్యలు, నత్తలు తట్టుకోలేవు.

తెచ్చేటప్పుడు నీళ్లూ రాళ్లూ పూర్తిగా తీసెయ్యాలి. "అడుగున కాస్త రాళ్లేగా" అని అలాగే ఎత్తితే అడుగు అతుకు అక్కడే వదులుతుంది. పై అంచులు పట్టుకుని కాకుండా అడుగు కింద చేతులు పెట్టి ఎత్తాలి. ఆటోలో అయితే కింద థర్మాకోల్ గానీ పాత దుప్పటి గానీ పరిచి, నిలువుగానే పెట్టాలి.

ఇంటికి తెచ్చాక ముందు కడగాలా, ముందు లీకు చూడాలా? కడగడమే ముందు. బోరు నీళ్లు వాడిన ట్యాంకులో సున్నపు పొర చిన్న చిన్న సందులను మూసేసి ఉంటుంది. లీకు లేదని సంబరపడి తర్వాత పొర గీకితే, హాల్లో నిండు ట్యాంకు కారడం మొదలవుతుంది. ఆ తెల్ల పొర కాల్షియం కార్బొనేట్, ఆమ్లానికి లొంగుతుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాములు కలిపి, పేపర్ టవల్ అందులో ముంచి నీటి గీత మీద అతికించి ఒక గంట వదిలెయ్యండి. తెల్ల వెనిగర్ కూడా పనిచేస్తుంది, కాకపోతే నెమ్మది. నానాక గడ్డం బ్లేడును గాజుకు ఏటవాలుగా పట్టుకుని గీకితే పొరలు పొరలుగా వస్తుంది. బ్లేడు సిలికాన్ దగ్గరికి ఒక సెంటీమీటరు దూరంలోనే ఆగాలి. అక్రిలిక్ ట్యాంకైతే బ్లేడు అసలు తాకించకూడదు. సర్ఫ్, విమ్, ఫినాయిల్ వంటివి దగ్గరికి రానీయొద్దు. సబ్బు అంశం సిలికాన్‌లో ఇంకిపోతే ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు, చేపల మొప్పలకు అది విషం.

ముందు యజమాని చేపలు రోగంతో చచ్చిపోయాయని తెలిస్తే, లేదా ఏమీ తెలియకపోతే, బ్లీచ్ పెట్టాలి. సువాసనలు కలపని మామూలు సోడియం హైపోక్లోరైట్ ద్రవం ఒక వంతుకు 19 వంతుల నీళ్లు కలిపి, గాజుకు లోపలంతా తడిసేలా పూసి, పావుగంట ఉంచి, నాలుగైదు సార్లు కడిగి ఎండలో ఆరబెట్టండి. ఇక్కడ ప్రాణాపాయం ఒకటి ఉంది. నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ మిగిలి ఉండగా బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటిది పూర్తిగా కడిగేశాకే రెండోది, అదీ బాల్కనీలో గానీ మేడ మీద గానీ చెయ్యాలి. బాత్రూములో వద్దు.

ఇప్పుడు లీకు పరీక్ష. చదునైన చోట థర్మాకోల్ మీద పెట్టి, రసమట్టంతో సమం చూసి, చుట్టూ పొడి న్యూస్‌పేపర్ పరిచి మూడో వంతు నింపి ఒక రాత్రి ఆగండి. తర్వాత పూర్తిగా నింపి 48 గంటలు చూడాలి. పేపరు తడిస్తే ఏ మూల నుంచో తెలుస్తుంది. అయితే నీళ్లు బయటపడిన చోటే లోపల సందు ఉందనుకోవద్దు. పట్టీ కింద నీళ్లు అడుగు దూరం పాకి ఎక్కడో బయటికి రావచ్చు.

ఆ కారణంగానే కారిన చోట మాత్రం సిలికాన్ పూసే అతుకుల పని నిలవదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది: ఆరిపోయిన పాత సిలికాన్‌కు కొత్త సిలికాన్ అంటుకోదు, గాజుకే అంటుకుంటుంది. లోపలి పట్టీ మొత్తం, నాలుగు నిలువు మూలలూ అడుగు నాలుగు వైపులా, తీసేసి ఒకేసారి కొత్తగా పూయాలి. గాజుల మధ్య ఉన్న అసలు అతుకులోకి మాత్రం బ్లేడు దూర్చకండి. పట్టీ తీశాక అసిటోన్ తడిపిన గుడ్డతో రెండుసార్లు తుడవాలి. వేలికి జిగురుగా ఏదైనా తగిలితే పాత సిలికాన్ ఇంకా ఉన్నట్టే.

సిలికాన్ కొనేటప్పుడు ట్యూబు మీద చూడాల్సింది బూజు నిరోధకం కలిపారా లేదా అన్నది. బాత్రూము, కిచెన్ సింకు కోసం చేసేవాటిలో అది ఉంటుంది, చేపలకు అది పనికిరాదు. పూసేటప్పుడు వెనిగర్ వాసన వేసే, వంద శాతం సిలికాన్ అని రాసి ఉన్న రకం తీసుకోండి. అక్వేరియంకు పనికొస్తుందని ట్యూబు మీదే ఉంటే ఇంకా మంచిది. రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్లలో ట్యూబూ, దాన్ని నొక్కే గన్నూ రెండూ దొరుకుతాయి. రెండడుగుల ట్యాంకు లోపలి మూలలన్నీ కలిపి మూడు మీటర్ల పైచిలుకు. 280 మి.లీ. ట్యూబు ఒకటి తెస్తే ఇంకా మిగులుతుంది.

మూలకు రెండు వైపులా 8 మి.మీ. వదిలి మాస్కింగ్ టేపు అంటించండి. ఒక్కో మూలా ఆపకుండా పూసి, తడి వేలితో ఒకే ఒక్కసారి లాగి, పైన పొర కట్టకముందే, అంటే అయిదు నిమిషాల్లోపు, టేపు పీకెయ్యాలి. ఆలస్యమైతే టేపుతో పాటు పట్టీ అంచు కూడా లేచి వస్తుంది. ఈ సిలికాన్ గాలిలో తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఆరడం నెమ్మది, వానాకాలంలో వేగం. రోజుకు సుమారు 3 మి.మీ. లోతు గట్టిపడుతుందని లెక్క వేసుకున్నా, వారం రోజులు ఆగి, వెనిగర్ వాసన పూర్తిగా పోయాక మళ్లీ 48 గంటల పరీక్ష పెట్టాలి.

స్టాండు గురించి క్లుప్తంగా. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు. మన రెండడుగుల ట్యాంకుకు అది 70. గాజు, రాళ్లు కలిపితే నిండాక దాదాపు వంద కిలోలు. చదువుకునే బల్లలు, టీవీ స్టాండ్లు దీనికి పనికిరావు. ఇనుప స్టాండు కాళ్ల వెల్డింగు దగ్గర తుప్పు గీకి చూడండి. పైన ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్, దాని మీద ట్యాంకు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా నిజంగా పట్టే నీళ్లు 55 నుంచి 60 లీటర్లు. మందులకైనా మరి దేనికైనా ఈ అంకెనే వాడాలి.

పాత కరెంటు సామాన్ల మీద కనికరం చూపొద్దు. హీటరు గాజు గొట్టంలో తేమ చుక్క కనిపించినా, వైరు గట్టిపడి పగిలినా చెత్తబుట్టలోకే. ఫిల్టరు మోటారు హమ్ అంటూ నీళ్లు తోడకపోతే చాలాసార్లు లోపల తిరిగే అయస్కాంతపు రెక్కకు సున్నం పట్టి ఉంటుంది. తీసి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, సన్నటి బ్రష్‌తో ఇరుసు తోమితే మళ్లీ తిరుగుతుంది. ఎయిర్ పంపు ట్యాంకు నీటి మట్టం కంటే పైన ఉండాలి, లేదా గొట్టంలో నీళ్లను వెనక్కి రానీయని చెక్ వాల్వ్ ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, ప్లగ్గులోకి చేరతాయి. వైర్లన్నీ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు వైరు మీద జారిన చుక్క కిందే పడిపోతుంది. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉంటే ఇంట్లో పిల్లలున్నా ధైర్యంగా ఉండొచ్చు. మొదటిసారి పెట్టేవాళ్లకు నా ఓటు ఎయిర్ పంపు గాలితో నడిచే స్పాంజి ఫిల్టరుకే: చవక, చెడిపోయేది ఏమీ లేదు, నీళ్లలో గాలి కూడా కలుపుతుంది.

రంగురాళ్లు పారెయ్యడమే మేలు. రంగు వదులుతాయి, వాటి మధ్య పాత మలినం పేరుకుని ఉంటుంది. కడిగిన ఏటి ఇసుక గానీ చిన్న గ్రానైటు గులకరాళ్లు గానీ రెండంగుళాల ఎత్తుకు 14, 15 కిలోలు పడతాయి. వాటి మీద నిమ్మ ఉప్పు నీళ్లు రెండు చుక్కలు వేస్తే బుసబుసా నురగ వస్తే అందులో సున్నపురాయి ఉంది, నీళ్లను ఇంకా కఠినం చేస్తుంది.

ఇక నీళ్లు. ఈ ఊళ్లో ఒకే కుళాయిలో వారంలో రెండు మూడు రకాల నీళ్లు రావచ్చు. జలమండలి ఇచ్చేవి మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి వంటి చోట్ల నుంచి వచ్చి, శుద్ధి అయి, క్లోరిన్ కలిసిన నీళ్లు. చాలా కాలనీల్లో అవి రోజు విడిచి రోజు వచ్చి సంపులో పడతాయి, అదే సంపులోకి బోరు నీళ్లూ పడతాయి, ఎండాకాలం ట్యాంకరు నీళ్లూ తోడవుతాయి. బోరు నీళ్లు సాధారణంగా కఠినం, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) ఎక్కువ. కాబట్టి నీళ్లు మార్చిన ప్రతిసారీ టీడీఎస్ మీటరు ఒకసారి ముంచి చూడాలి. ట్యాంకులో 400, బకెట్లో 900 ఉంటే ఆ రోజు నాలుగో వంతు కాకుండా పదో వంతు మాత్రమే మార్చండి.

గేటెడ్ కమ్యూనిటీల్లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి సాఫ్ట్‌నర్ ప్లాంటు కాల్షియం, మెగ్నీషియం తీసేసి సోడియం పెడుతుంది. టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది కానీ గప్పీలకు, నత్తలకు కావలసిన కాల్షియం ఉండదు. మీటరు ఇది చెప్పదు, జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం కొలత), కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్ల కొలత) చూసే చుక్కల కిట్టే చెబుతుంది. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోస్తే ఇంకో అపాయం: కేహెచ్ ఏమీ మిగలక పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. మరీ కఠినమైన బోరు నీళ్లకు సగం ఆర్‌ఓ కలపడం మంచి మార్గం. పీహెచ్ కొలిచేటప్పుడు బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లు కొలవకండి. భూమిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ వల్ల అది తక్కువ చూపిస్తుంది. బకెట్లో ఎయిర్ స్టోన్ (గాలిబుడగలు వదిలే రాయి) వేసి ఒక రోజు ఉంచాక వచ్చేదే నిజమైన అంకె.

క్లోరిన్‌కు విరుగుడు సోడియం థయోసల్ఫేట్, ఫొటోగ్రాఫర్లు హైపో అనేది ఇదే. 10 గ్రాముల పలుకులు లీటరు నీళ్లలో కలిపి సీసాలో పెట్టుకుంటే, లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 10 లీటర్ల బకెట్‌కు 7 మి.లీ. సరిపోతుంది. కుళాయి దగ్గర మామూలుగా అంతకంటే తక్కువే ఉంటుంది కాబట్టి ఈ మోతాదు భద్రమే. ద్రావణం నెలకోసారి కొత్తది చేసుకోండి, నిల్వలో బలం తగ్గుతుంది.

నీళ్లు తేటగా ఉన్నాయంటే చేపలు వెయ్యొచ్చని కాదు. చేపల వ్యర్థాల నుంచి, మిగిలిన మేత నుంచి అమోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని లేని నైట్రేట్ చేస్తుంది. ఇవి స్పాంజికి, రాళ్లకు అంటుకుని బతుకుతాయి. ఎండిన పాత స్పాంజిలో ఇవి చచ్చిపోయి ఉంటాయి. అందుకే పాత ట్యాంకైనా ఈ విషయంలో కొత్తదే. కఠినమైన నీళ్లలో పీహెచ్ మామూలుగా ఎక్కువే, అందుకే అక్కడ అమోనియా ఇంకా ప్రమాదం. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతం కూడా ఉండదు, అదే పీహెచ్ 8 అయితే 6 శాతం దాటుతుంది. పక్క ఊళ్లో బతికిన చేప మన బోరు నీళ్లలో చచ్చిపోవడానికి ఇదొక కారణం.

చేపలు లేకుండా ఈ బ్యాక్టీరియాను పెంచడం మేలైన పద్ధతి. 60 లీటర్లకు 0.4 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది. ఇది ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట కొనండి. కళాయి పనికి అమ్మే నవాసారం రసాయనంగా అదే అయినా శుద్ధి మీద నమ్మకం ఉండదు. ఫిల్టరు రాత్రింబవళ్లు తిరగాలి. రెండు మూడు రోజులకోసారి చుక్కల కిట్టుతో చూస్తూ అమోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్లీ అంతే వెయ్యాలి. మొదట అమోనియా దిగి నైట్రైట్ ఎక్కుతుంది, చాలా రోజులు అక్కడే మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. వేసిన 2 మిల్లీగ్రాములు 24 గంటల్లో అమోనియాగానూ నైట్రైట్‌గానూ కనిపించకుండా పోతే పని అయినట్టు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న తెలిసినవాళ్ల ట్యాంకు నుంచి స్పాంజి ముక్క ఒకటి తడిగానే తెచ్చి వేస్తే సగానికి సగం తగ్గుతుంది. మధ్యలో ఆగిపోయినట్టు అనిపిస్తే కేహెచ్ చూడండి. ఈ బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది, ఆర్‌ఓ ఎక్కువ కలిపినచోట ఇలా అవుతుంది. అర చెంచా తినే సోడా వేస్తే మళ్లీ కదులుతుంది. స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద పిండొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

చేపలతో సహా నడుస్తున్న ట్యాంకు కొంటే లెక్క వేరు. ఫిల్టరు స్పాంజి ట్యాంకు నీళ్లలో మునిగేలా మూత లేని బకెట్లో పెట్టి, కొద్ది గంటల్లో మళ్లీ నడిపించాలి. నెలల తరబడి నీళ్లు మార్చని ట్యాంకులో పీహెచ్ పడిపోయి, అమోనియా హాని లేని రూపంలో పోగై ఉంటుంది. "మురికిగా ఉన్నాయి" అని ఒకేసారి మొత్తం మారిస్తే చేపలు నీటి మార్పుకే కుదేలవుతాయి. సగం మార్చినా పీహెచ్ పైకి లేచి, మిగిలిన అమోనియా విషంగా మారుతుంది. కొన్నప్పుడు పాత నీళ్లు సగం పైగా తెచ్చుకుని, రెండు రోజులకోసారి పదో వంతు చొప్పున మార్చుకుంటూ రావాలి.

హైదరాబాద్ ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటడం మామూలే. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకుంటే, 32 దగ్గర 7.3 మాత్రమే. మూత తీసి వల కప్పి, చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అలా ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లు పొయ్యండి, బోరు నీళ్లు పోస్తే ఉప్పులు పేరుకుంటూ పోతాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం 50 వాట్ల హీటరు 25 దగ్గర పెట్టి ఉంచాలి. కరెంటు కోతకు యూఎస్‌బీ ఎయిర్ పంపు, పవర్ బ్యాంకు చాలు.

ఇక్కడి నీళ్లకు గప్పీ, ప్లాటీ, మాలీ సరిగ్గా సరిపోతాయి, కఠినమైన నీళ్లే వాటికి ఇష్టం. జీబ్రా డానియోలు కూడా తట్టుకుంటాయి. డిస్కస్, కార్డినల్ టెట్రా జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. గోల్డ్‌ఫిష్‌కు రెండడుగులు చాలవు. మొదట ఆరు డానియోలు మాత్రం వేసి, రెండు వారాలు అమోనియా, నైట్రైట్ సున్నా దగ్గరే ఉంటే ఆరేడు ప్లాటీలో గప్పీలో, ఒక మగదానికి రెండు ఆడవి చొప్పున వెయ్యండి. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. లైటు ఆరు గంటలు. తొలి వారాల్లో గాజుకు గోధుమరంగు పొర పడితే కంగారు పడొద్దు, అది డయాటమ్ నాచు, తుడిస్తే పోతుంది, క్రమంగా రావడం మానేస్తుంది.

పాత ట్యాంకుతో పాటు తరచూ ఒక సక్కర్ ఫిష్ కూడా అంటగడతారు, "నాచు తింటుంది, ఉంచుకోండి" అని. అది అడుగు దాటి పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకులో ఇమడదు. తీసుకున్నాక వదిలించుకోవాలంటే పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకో, తీసుకునే దుకాణానికో ఇవ్వండి. హుస్సేన్‌సాగర్‌లోనో ఊరి చెరువులోనో వదలొద్దు. మన జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. వలలు చింపి, మన చేపల మేతను కాజేసి, చెరువులో పాతుకుపోతుంది.